మీటియర్ 350 కొనే ముందు నడుముని అడగండి

క్రూయిజర్ (కాళ్లు ముందుకి పెట్టి తీరిగ్గా నడిపే బైక్) అనగానే అందరి చెవీ సైలెన్సర్ సౌండు మీదే. చూడాల్సింది మాత్రం ఫుట్‌పెగ్‌లు, అంటే పాదాలు పెట్టుకునే కడ్డీలు, ఎక్కడున్నాయో. రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350లో అవి కాస్త ముందుకుంటాయి, సీటు ఎత్తు 765 మిల్లీమీటర్లే. పొట్టిగా ఉన్నవాళ్లకీ పాదాలు నేలకి ఆనుతాయి కాబట్టి 191 కిలోల బండి సిగ్నల్ దగ్గర భయపెట్టదు. కానీ కాళ్లు ముందుకి పెట్టి కూర్చుంటే ఒంటి బరువంతా వెన్ను కిందిభాగం మీదే పడుతుంది. గుంత వచ్చినప్పుడు పెగ్‌ల మీద పైకి లేవడం కష్టం, దెబ్బ నేరుగా నడుముకే. అందుకే టెస్ట్ రైడ్ అంటే షోరూమ్ చుట్టూ రెండు వీధులు తిరగడం కాదు. స్పీడ్ బ్రేకర్లున్న రోడ్డు మీద అరగంటైనా నడపండి, రోజూ వెనక కూర్చునే మనిషినీ ఎక్కించుకోండి.

వెనక షాక్‌లకి ప్రీలోడ్, అంటే స్ప్రింగ్ బిగింపు, ఆరు మెట్లుంటుంది. ఇద్దరెక్కితే బిగించాలి, ఒక్కరే తిరిగేటప్పుడు వదులు చేయాలి, రెండు వైపులా ఒకే మెట్టులో ఉండాలి. దీన్ని ఎప్పుడూ ముట్టుకోకుండానే సస్పెన్షన్‌ని తిట్టేవాళ్లు బోలెడు.

20 బీహెచ్‌పీ ఇంజిన్. గంటకి 80, 90 కిలోమీటర్ల వేగంలో హాయి. విజయవాడ హైవే మీద లారీని దాటాలంటే నాలుగో గేరుకి దిగాల్సిందే.

చైన్‌కి 500 కిలోమీటర్లకోసారి లూబ్, వానల్లో ఇంకా ముందే. చైన్ వెచ్చగా ఉండగా లోపలి వైపు లూబ్ స్ప్రే చేయండి. ఇంజిన్ ఆపి, చక్రం చేత్తోనే తిప్పండి. ఇంజిన్ ఆన్‌లో ఉంచి గేర్లో చక్రం తిప్పుతూ తుడిస్తే వేళ్లు పోతాయి.