ఫోన్ హైదరాబాద్ పోయింది సార్

దేవరకొండ దగ్గర బడిలో పదో తరగతికి ఫిజిక్స్ చెబుతాను. ఓం నియమం వీడియో ఇంట్లో చూసి రండి, లెక్కలు క్లాసులో చేద్దాం అన్నాను. మర్నాడు సగం మంది తలలు దించుకున్నారు. తండా నుంచి వచ్చే పిల్ల మెల్లగా, "ఫోన్ మా నాయిన వెంట హైదరాబాద్ పోయింది సార్" అంది. సిగ్గేసింది.

2007లో అమెరికాలోని కొలరాడోలో, ఇంట్లో వీడియో క్లాసులో లెక్కలు అనే ఈ పద్ధతిని తమ బడిలో మొదలుపెట్టిన ఇద్దరు కెమిస్ట్రీ టీచర్లు నెట్ లేని పిల్లలకు డీవీడీలు ఇచ్చారు. నాకా బుద్ధి ముందే ఉండాల్సింది.

ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లో వేసి, మధ్యాహ్న భోజనం కాగానే బడి టీవీలో పెడుతున్నా. అదే పాఠం ఒక పేజీ జిరాక్సు కూడా ఇస్తున్నా. ఆ ఖర్చు సంగతి మా ఆవిడకు చెప్పలేదు. చూడలేదని మార్కులు కోయడం మానేశా. క్లాసులో మొదటి పది నిమిషాలు వెనకబడ్డ వాళ్ల బెంచీ దగ్గరే కూర్చుంటున్నా.