స్పోర్ట్ అనుకుని ఎగిరి గంతేశా

హన్మకొండలో మా మిద్దె మీద పీస్ గులాబీ ఉంది, లేత పసుపు రేకులు, అంచుల్లో గులాబీ రంగు. మొన్న అదే కుండీలో ఓ కొమ్మ సన్నటి ఆకులతో ఏపుగా లేచేసరికి స్పోర్ట్ వచ్చింది, అంటే కొత్త రకం పుట్టిందని ఒకటే సంబరం. అమ్మ వంగి మట్టి పక్కకు జరిపి చూసి, "అంటు కింద నుంచి వచ్చింది బిడ్డా, పీకెయ్" అంది. నిజమే, పీస్‌ను అంటు కట్టిన అడుగు మొక్క, అంటే అడవి గులాబీ చిగురు అది!

స్పోర్ట్ అంటే అంటు పైన, అసలు మొక్క కొమ్మే తనంతట తాను మారడం. చికాగోలో ఒక తోటలో పీస్ మొక్కకే ముదురు గులాబీ పూలు పూస్తే, ఆ కొమ్మతో అంట్లు కట్టి 1962లో చికాగో పీస్ పేరుతో తెచ్చారు. ఐస్‌బర్గ్ అనే గులాబీలో పొద రకం నుంచి తీగ రకం వచ్చిందీ ఇట్లనే. కాకపోతే ఇలాంటి తీగలను మొదట్లోనే మొదలంటా కత్తిరిస్తే మళ్లీ పొదలా మారిపోవచ్చు, అందుకే కత్తెర నేను దాచేశా.