పస్కలు తగ్గినంక రాసుకున్న నీళ్ల లెక్క, సద్ది లెక్క

మూత్రం నల్లచాయ్ రంగుకు దిగినంక గానీ అవి పస్కలని (కామెర్లని) తెలువలే. అంతకుముందు వారం రోజుల సంది జ్వరం, ఒళ్లునొప్పులు, కుడిపక్క డొక్క కింద బరువు, ఉడికే బువ్వ వాసనకే వాంతి. దుబాయ్‌లో జులై నెల, బయట కట్టుడు పని. క్యాంపులో అందరూ ఎండదెబ్బ అన్నరు. ఎండదెబ్బకు కండ్లు పచ్చబడవు. ఇంకో గుర్తు కూడ ఉంటది: సిగరెట్ అలవాటున్నోళ్లకు ఉన్నట్టుండి పొగ వాసనే పడదు. మా రూములో నాకంటే ముందు ఇద్దరికి అట్లనే అయింది, ఎవరం పట్టించుకోలే.

రక్తపరీక్షలో బిలిరుబిన్ (కండ్లను పచ్చబరిచే పదార్థం) 9.4 వచ్చింది, మామూలుగ 1 చుట్టుపక్కల ఉండాలె. కాలేయం దెబ్బను చూపే ఎస్జీపీటీ 1,860 వచ్చింది, అది 40, 50 లోపల ఉండాలె. హెపటైటిస్ (వైరస్‌తోని వచ్చే కాలేయం వాపు) ఎ రకం కొత్తగ సోకిందని చూపే ఐజీఎం పరీక్ష పాజిటివ్, బి, సి రకాలు రెండూ నెగెటివ్. ఈ చివరి మాటను జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్‌ల నుంచి గల్ఫ్‌కు పోయే ప్రతి ఒక్కరు సమజ్ చేసుకోవాలె. పస్కలు అనంగనే వీసా పోతదని మనోళ్లు దాచిపెడ్తరు. గల్ఫ్ మెడికల్‌లో అన్‌ఫిట్ చేసేది బి, సి రకాలకు. నీళ్లతోని, తిండితోని వచ్చే ఎ రకం ఒంట్లో పాతుకపోదు, ఒకసారి తగ్గితే జన్మలో మళ్లీ రాదు. దాచిపెట్టినోడు మాత్రం అవే చేతులతోని ఎనిమిది మందికి బువ్వ వండుతడు.

వైరస్ ఒంట్లకు చేరినంక జబ్బు బయటపడేసరికి 15 నుంచి 50 రోజులు పడ్తది, ఎక్కువమందికి నాలుగు వారాలు. అందుకే నిన్న తిన్న హోటల్ బిర్యానీని తిట్టి లాభం లేదు, నెల కిందికి పోయి వెతకాలె. నేను క్యాలెండర్ ముంగట పెట్టుకొని లెక్కపెడితే మిద్దె మీది నీళ్ల ట్యాంకు మూత పగిలిన వారం తేలింది. అదే కారణమని పరీక్ష చేసి చెప్పినోళ్లు ఎవరూ లేరు. అయినా ఆ వారం మేము ఆ నల్లా నీళ్లనే బియ్యం కడగడానికి, కీరదోస కోసుకోవడానికి, కూలర్ నింపుకోవడానికి వాడినం. కండ్లు పచ్చబడకముందు రెండు వారాల నుంచే రోగి మలంలో వైరస్ పోతుంటది. పచ్చబడ్డంక ఇంకో వారం దాకా వంట పాళీ నుంచి అతన్ని తప్పించాలె.

దుబాయ్ నీళ్లు సముద్రం నీళ్లే. ఉప్పు తీసి, క్లోరిన్ కలిపి పంపుతరు. బిల్డింగు దాకా వచ్చేటప్పుడు అవి మంచిగనే ఉంటయ్. చెడిపోయేది మిద్దె మీది ట్యాంకులో. ఎండకు నీళ్లు కాగి క్లోరిన్ జల్ది ఎగిరిపోతది, అడుగున మడ్డి పేరుకుంటది, మూత సందులోంచి దుమ్ము, పిట్ట రెట్ట పడ్తది. ఎండాకాలం నల్లా తిప్పితే చెయ్యి కాలేంత వేడి వస్తది కదా, సూక్ష్మజీవులు చచ్చినట్టే అని చానామంది అనుకుంటరు. కాదు. హెపటైటిస్ ఎ వైరస్ చావాలంటే 85 డిగ్రీల మీద కనీసం ఒక నిమిషం ఉడకాలె. ఐసు గడ్డలో పెట్టినా అది చావదు, కాబట్టి చల్లటి నీళ్లన్నీ మంచి నీళ్లు కావు.

క్యాండిల్ ఫిల్టర్ మీద నమ్మకం పెట్టుకోవద్దు. దాని రంధ్రాలు బ్యాక్టీరియాను ఆపుతయ్ గానీ వైరస్ అంతకంటే చానా చిన్నది, దాటిపోతది. యూవీ మిషన్ పనిచేస్తది, నీళ్లు తేటగ ఉండి లైటు మాడిపోకుంటే. ఆర్వో పొర వైరస్‌ను ఆపుతది గానీ, ఆ నీళ్లలో క్లోరిన్ మిగలదు, బయటి డబ్బాలో పట్టినంక మురికి చెయ్యి తగిలితే మళ్లీ మొదటికే వస్తది. మన ఊళ్లల్ల వాటర్ ప్లాంటు నుంచి తెచ్చుకునే 20 లీటర్ల క్యాన్‌కు కూడ ఇదే మాట. ప్లాంటు మంచిదైనా క్యాన్ మూతి కడగకపోతే ఏం ఫాయిదా?

అన్నిటికంటే భరోసా కాగబెట్టుడే. అందుకు పెద్ద సామాను అక్కర లేదు. 1.7 లీటర్ల కరెంటు కెటిల్ ఒకటి చాలు. రాత్రి డ్యూటీ నుంచి వచ్చినంక మూడుసార్లు కాస్తే ఐదు లీటర్లు అయితయ్, కరెంటు అర యూనిట్ దాటదు. నీళ్లు తెర్లినంక కెటిల్ దానంతట అది బంద్ అయితది, అప్పుడే మూత తెరవకుండ ఐదు నిమిషాలు అట్లనే ఉంచాలె. వేడి నీళ్లనే స్టీలు క్యాన్‌లో పోసి, మూత పెట్టి చల్లారనియ్యాలె. గిలాస ముంచొద్దు. క్యాన్‌కు నల్లా ఉండాలె, లేకుంటే వంచి పోసుకోవాలె. మా రూములో ఇంకో తప్పు జరిగింది ఈ గిలాస దగ్గరనే. కాగబెట్టిన నీళ్లే, కానీ ఎనిమిది మంది చేతులు అందులోనే.

కాగబెట్టే వీలు లేని రోజు క్లోరిన్ గోలీ వాడొచ్చు, ప్యాకెట్ మీద రాసినంత. అదీ లేకుంటే వాసన కలపని సాదా బ్లీచ్, 5 శాతం రకం, లీటర్ తేట నీళ్లకు రెండు చుక్కలు వేసి అర గంట ఆగాలె. కొంచెం క్లోరిన్ వాసన రావాలె. రాకుంటే ఇంకో రెండు చుక్కలు వేసి మళ్లీ పావు గంట ఆగాలె.

కొనుక్కునే ఐదు గ్యాలన్ల సీసాలో దాదాపు 19 లీటర్లు పడ్తయ్. సీలు చూసుకోవాలె, సీసాను డిస్పెన్సర్ మీద బోర్లించే ముందు మూతి తుడవాలె. డిస్పెన్సర్‌ను నెలకోసారి కరెంటు తీసి ఖాళీ చేసి, నాలుగు లీటర్ల నీళ్లల్ల ఒక పెద్ద చెంచా బ్లీచ్ కలిపి నింపి, రెండు మూడు నిమిషాలకు నల్లాల గుండా వదిలి, నాలుగుసార్లు మంచి నీళ్లతోని కడగాలె.

ఎండలో పని చేసేటోళ్లు పావు గంటకో, ఇరవై నిమిషాలకో ఒక గిలాస చొప్పున గంటకు ముప్పావు నుంచి లీటర్ తాగాలె. ఒక్కసారే లీటర్ మింగితే కడుపు ఉబ్బుతది, గంటకు లీటరున్నర దాటితే రక్తంలో ఉప్పు పలచబడి ప్రమాదం. మూత్రం లేత గడ్డి రంగులో ఉంటే సరిపోయినట్టు. విరేచనాలు పట్టుకుంటే లీటర్ కాగబెట్టిన నీళ్లకు ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలన్నీ గీసి సమానంగ ఉండాలె. ఉప్పు కుప్పగ పోస్తే మేలుకు బదులు కీడు.

ఇగ సద్ది, అంటే పనికి కట్టుకపోయే బువ్వ. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా దుబాయ్‌లో పగలు పన్నెండున్నర నుంచి మూడింటి దాకా బయటి పని బంద్. ఆ విరామంలోనే సద్ది విప్పుతం. తెల్లారి మూడింటికి వండి, నాలుగున్నరకు కట్టి, ఐదింటికి బస్సు ఎక్కితే బువ్వ తినేసరికి అది వండి తొమ్మిది గంటలు దాటుతది. బియ్యంలో ఉండే ఒక బ్యాక్టీరియా విత్తనాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగ ఉన్నంతసేపు అవి మొలకెత్తి విషం వదుల్తయ్. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లో వాంతులు పట్టుకుంటయ్. ఇది పస్కలు కాదు, వేరే జబ్బు. కానీ ఇట్ల నెలకు రెండుసార్లు పడిపోయినోని ఒంట్లో ఏం బలం మిగుల్తది?

ప్రమాదమంతా 5 డిగ్రీలకు, 60 డిగ్రీలకు నడుమ. అయితే పొగలు కక్కే వేడిలో ఉంచాలె, లేకుంటే బాగ చల్లగ ఉంచాలె. హాట్‌బాక్సులో ముందు సలసల కాగే నీళ్లు పోసి ఐదు నిమిషాలు ఉంచి పారబోయాలె, అప్పుడు ఆవిరి పోకముందే అన్నాన్ని అంచు దాకా దట్టంగ నింపాలె. సగం ఖాళీ ఉంటే రెండు గంటలకే చల్లారుతది. రాత్రి వండితే గంజులోనే వదిలి పండుకోవద్దు, నడుమ ముద్ద తెల్లారి దాకా గోరువెచ్చగనే ఉంటది. వెడల్పు పళ్లెంలో రెండు వేళ్ల మందాన పరిచి, ఆవిరి పోంగనే గంట లోపల ఫ్రిజ్‌లో పెట్టాలె. పొద్దున సంచిలో గడ్డకట్టిన అర లీటర్ నీళ్ల సీసా పక్కన సర్దాలె, పగటికి ఆ సీసా నీళ్లే తాగొచ్చు. పప్పు, పెరుగు వేరు డబ్బాలల్ల పెట్టుకోవాలె. కొబ్బరి పచ్చడి అసలే వద్దు, అది అన్నిటికంటే ముందు పులుస్తది. నా మటుకు ఎండాకాలం సద్దికి అన్నం కంటే కుబ్బూస్ (అరబ్బు రొట్టె) మేలు: రెండు కుబ్బూస్‌లు, పొట్టు తీయని ఉడికిన గుడ్లు రెండు, మామిడికాయ తొక్కు, లబన్ (సల్ల) ప్యాకెట్. గుడ్లు, లబన్ మాత్రం ఐసు సీసాకు ఆనుకొని ఉండాలె.

పైసలు మిగలాలంటే మాంసం తగ్గించాలె గానీ పప్పు తగ్గించొద్దు. మెస్సులో మనిషికి రోజుకు 300 గ్రాముల బియ్యం, 75 గ్రాముల పప్పు, రెండు గుడ్లు, పావు లీటర్ లబన్, రెండు కుబ్బూస్‌లు, పావు కిలో కూరగాయలు. దీంట్లో ప్రొటీన్ దాదాపు 65 గ్రాములు వస్తది, 60 కిలోల మనిషికి చాలు. నెలకు లెక్కేస్తే బియ్యం 9 కిలోలు, పప్పు రెండుంపావు, గుడ్లు 60. నూనె ముప్పావు లీటర్ దాటొద్దు. ఎనిమిది మంది రూముకు నెలకు పది లీటర్లు తగలబెట్టేది పైసల దుబారా, ఒంటికి కూడ చేటు. కందిపప్పు పిరమైనప్పుడు ఎర్రపప్పు తీసుకోవాలె, నానబెట్టకుండనే పావు గంటలో ఉడుకుతది, గ్యాస్ కలిసొస్తది. గడ్డకట్టిన పాలకూర ప్యాకెట్ అందులో వేసి, దించినంక నిమ్మకాయ పిండితే పప్పులోని ఇనుము ఒంటికి పడ్తది. పచ్చి సలాడ్ మానేసి, పొట్టు తీసుకునే పండ్లు, అరటి, సంత్ర తినాలె. హోటల్ పార్శిల్ రెండు పూటలు, కూల్‌డ్రింక్ రోజుకొకటి ఆపితే కోడిగుడ్ల ఖర్చు అక్కడనే వెళ్తది.

దుబాయ్ నుంచి ఇంటికి వచ్చినంక మందుల కంటే పత్యమే ఎక్కువ బాధపెట్టింది. ఉప్పు లేదు, నూనె లేదు, పసుపు వేస్తే కండ్లు ఇంకా పచ్చబడ్తయ్ అన్నరు. ఒంట్ల పచ్చదనం బిలిరుబిన్‌ది, కూరలో పసుపుది కాదు. ఈ జబ్బుకు ప్రత్యేక మందు లేదు, కాలేయం దానంతట అదే కోలుకుంటది, దానికి తిండి కావాలె. పెద్దమ్మ ప్రేమతోనే పసరు తెచ్చింది. వద్దన్న. ఏ ఆకు ఎంత మోతాదో తెలువని పసరు, దెబ్బతిన్న కాలేయం మీద ఇంకో దెబ్బ కావొచ్చు. మణికట్టు మీద వాత పెట్టించుకుంటే పుండు తప్ప ఏమీ రాదు. పారాసిటమాల్ గోలీ కూడ డాక్టర్‌ను అడగకుండ వేసుకోవద్దు. మద్యం, కల్లు పూర్తిగ బంద్.

వికారం పొద్దు పోయినకొద్దీ పెరుగుతది, కాబట్టి పెద్ద బువ్వ పొద్దుగాలనే తినాలె. నాకు పడ్డయ్ ఇవి: తెల్లారి రాగి అంబలి, ఏడింటికి జొన్న గట్క, పలుచటి సల్ల, పదకొండింటికి మెత్తటి అన్నం, పెసరపప్పు, ఒక చెంచా నూనెతోని సొరకాయ. సాయంత్రం అరటిపండు, రాత్రి కొంచెమే. అంబలికి మూడు చెంచాల పిండిని చల్లటి నీళ్లలో ఉండలు లేకుండ కలిపి, మూడు గిలాసల మరిగే నీళ్లల్ల పోసి, ఎనిమిది నిమిషాలు కలుపుతనే ఉండాలె, లేకుంటే అడుగంటి చేదు వస్తది. పది, పదిహేను రోజులకోసారి రక్తం చూపిస్తే బిలిరుబిన్ 9.4 నుంచి 4.1, 1.6, 0.9కి దిగింది. తగ్గిన ఆరు కిలోలల్ల నాలుగు రెండు నెలలకు తిరిగొచ్చినయ్. మధ్యలో మనిషి మత్తుగ పడుకొని పొంతన లేని మాటలు మాట్లాడినా, చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా, నీళ్లు కూడ నిలువకుండ వాంతి అయినా ఆ రోజే పెద్దాస్పత్రికి తీసుకపోవాలె. గర్భిణి అయితే ఇంకా జల్ది: నీళ్లతోని వచ్చే ఇ రకం పస్కలు వాళ్లకు ప్రాణం మీదికి తెస్తయ్.

మళ్లీ పోయేటోళ్లు తొక్కు, కారం, జొన్న పిండి కట్టుకోండ్రి గానీ, గసగసాలు ఒక్క గింజ కూడ వద్దు. అవి ఎమిరేట్స్‌లో (దుబాయ్ ఉన్న దేశంలో) నిషేధం, ఇంట్లో దంచిన మసాలాలో ఉన్నా కేసే. హెపటైటిస్ ఎ టీకా రెండు డోసులు. మొదటిది ప్రయాణానికి ముందు, రెండోది ఆరు నెలలు దాటినంక, ఆలస్యమైతే మొదటి సెలవుకు వచ్చినప్పుడు వేసుకోవచ్చు. రూములో ఎవరికైనా పస్కలు బయటపడితే మిగతావాళ్లు రెండు వారాల లోపల వేసుకున్నా కాపాడ్తది. మా తమ్ముడు వచ్చే నెల మస్కట్ పోతున్నడు. మొదటి డోసు అయింది, టీకా కార్డు పాస్‌పోర్టు కవర్‌లో పెట్టిన, కెటిల్‌ను బట్టల నడుమ సర్దిన.