స్ట్రిప్ మీద మిగిలిన సగం పేరు

శ్రావణంలో బీపీ ఉందని తేలి మాత్రలు మొదలుపెట్టాను. మూడు వారాలకి పొడి దగ్గు పట్టుకుంది. జ్వరం లేదు, కళ్లె లేదు. గొంతులో ఈక పెట్టి తిప్పుతున్నట్టు ఒకటే దురద, పక్క మీద వాలితే చాలు మొదలు. దసరా వెళ్లిన మంగళవారం మా విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం. ఏటా మూడు లాంతర్ల దగ్గర నిలబడి చూసేదాన్ని, ఈసారి ఇంట్లోనే ఉండిపోయాను.

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మొదటి సిరప్ మత్తు తెచ్చింది తప్ప దగ్గు తగ్గించలేదు. రెండోది అంబ్రాక్సాల్, కళ్లెని పలచన చేసేది. నాకు కళ్లే లేదు కదా! ఈలోగా మా చెల్లికి జలుబు చేసి కళ్లెతో దగ్గుతుంటే నా మొదటి సీసా ఇచ్చాను. అందులో ఉన్నది డెక్స్‌ట్రోమెథార్ఫాన్, దగ్గుని అణిచే మందు. బయటికి రావలసిన కళ్లె రాక పాపం రెండు రాత్రులు ఆయాసపడింది. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

రెండు వారాలు దాటిన దగ్గుకి టీబీ లేదని తేల్చుకోవాలని డాక్టరమ్మ ముందు ఎక్స్‌రే తీయించారు. శుభ్రంగా ఉంది. అప్పుడడిగారు, "వేరే మాత్రలేమైనా వాడుతున్నారా?" బీపీ మాత్రకీ దగ్గుకీ సంబంధం ఏమిటనుకుని అంతవరకూ నేనెవరికీ చెప్పలేదు. పర్సులోంచి స్ట్రిప్ తీశాను. షాపులో కత్తెరతో కోసిచ్చిన ముక్క అది, పేరులో సగం పోయి "ప్రిల్" ఒక్కటే మిగిలింది.

"ఇది చాలమ్మా" అన్నారావిడ. రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటివి ఒక ఎంజైమ్‌ని ఆపి బీపీ తగ్గిస్తాయి. బ్రాడీకైనిన్ అనే పదార్థాన్ని విరగ్గొట్టేదీ ఆ ఎంజైమే. అది ఆగితే బ్రాడీకైనిన్ పేరుకుని శ్వాసనాళాల్లో నరాలని రేపుతుందట. ఆడవాళ్లలో ఈ దగ్గు ఎక్కువ. దీనికి ఏ సిరప్పూ పనిచేయదు, మాత్ర మార్చాల్సిందే. సొంతంగా మానేస్తే మాత్రం బీపీ పెరుగుతుందని గట్టిగా చెప్పి, టెల్మిసార్టాన్ రాశారు. తగ్గడానికి నాలుగు వారాల దాకా పట్టొచ్చు, కొందరికి ఇంకా ఎక్కువే అన్నారు.

మొదటి వారం తేడా లేదు, టెన్షన్ పడ్డాను. పదహారో రోజు తెల్లవారుజామున అత్తయ్య వచ్చి తలుపు తట్టింది.

"ఏటమ్మా, రాత్రంతా సడి లేదు, బాగున్నావా?"

అప్పుడే కళ్లు తెరిచాను.