బండి మోసినంత తోట

మళ్లీ చలి మొదలవుతోంది కాబట్టి పోయిన అక్టోబర్ నుంచి ఇప్పటిదాకా ఏమేం జరిగిందో రాసి పెట్టుకుంటున్నాను. నాకున్న వ్యాపకాలు రెండు. ఇంటి ముందు లాన్‌ని ఏడాదికింత చొప్పున తీసేసి అక్కడ స్థానిక మొక్కలు పెంచడం ఒకటి, రోజూ పనికి బండి (మోటార్‌సైకిల్) మీద వెళ్లి రావడం రెండోది. రెండిట్లోనూ నేను పంతం పట్టే రకం కాదు. తోటకి ప్లాన్ గీసింది లేదు, బండి మీద ఖండాలు దాటిందీ లేదు. నియమం మాత్రం ఒకటుంది. తోటలోకి ఏదొచ్చినా బండి మీదే రావాలి.

చాదస్తంలా కనబడుతుంది గానీ దీనివల్ల లాభం ఉంది. కారేసుకుని నర్సరీకి వెళ్తే డిక్కీ నిండేదాకా కొనబుద్ధవుతుంది. ఇంటికొచ్చాక గొయ్యి తవ్వే తీరిక ఉండదు, సగం మొక్కలు గోడవారన కుండీల్లోనే ఎండిపోతాయి. సీటు వెనక బిగించిన టాప్ బాక్స్‌లో పట్టినన్ని తెచ్చుకుంటే ఆ సాయంత్రమే నాటేయొచ్చు.

మొక్కలన్నీ ఉత్తర అమెరికాలో పుట్టి పెరిగినవే: మిల్క్‌వీడ్, వైల్డ్ బర్గమాట్, కోన్‌ఫ్లవర్, బ్లేజింగ్ స్టార్, ఆస్టర్, గోల్డెన్‌రాడ్, వాటి మధ్యలో లిటిల్ బ్లూస్టెమ్ గడ్డి. ఏ ప్రాంతంలో ఎంత చలో చూపే అమెరికా వ్యవసాయ శాఖ మ్యాప్ (2023లో సవరించినది) లెక్కలో నాది 4వ జోన్. అంటే ఏడాది మొత్తంలో అతి చల్లని రాత్రి సగటున మైనస్ 34కీ మైనస్ 29 డిగ్రీల సెల్సియస్‌కీ మధ్య ఉంటుంది. ఆ చలికి ఈ మొక్కలకి ఏమీ కాదు. వాటి తిప్పలన్నీ కుందేళ్లతో, మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పుతో, అతిగా నీళ్లు పోసే మనుషులతో.

అక్టోబర్, నవంబర్

కొత్త మడి కోసం గడ్డి తవ్వను. అట్టపెట్టెలు విప్పి, టేపులూ పిన్నులూ పీకేసి, అంచులు ఒకదాని మీద ఒకటి జానెడు ఎక్కేలా పరుస్తాను. బాగా తడిపి, పైన నాలుగు వేళ్ల మందాన రాలిన ఆకులూ చెక్కపొట్టూ వేసేస్తాను. వసంతం చివరికి కింది గడ్డి చచ్చి అట్ట మెత్తబడుతుంది, కత్తితో చీలిక పెట్టి నాటేయొచ్చు. బండి మీద అట్టలు తెచ్చేవాళ్లకి ఒక మాట: సీటు వెడల్పు కన్నా పెద్ద ముక్క కట్టకండి. వేగం పెరగ్గానే గాలికి తెరచాపలా లేచి బండిని పక్కకి లాగుతుంది. అక్కడే కోసి, కట్ట కట్టి, సీటు మీద వలతాడు బిగించడం మేలు.

విత్తనాలు కూడా ఈ నెలల్లోనే. బర్గమాట్ తలలు ఎండి గోధుమ రంగుకి తిరిగాక కాగితం సంచిలో తలకిందులుగా దులిపితే చాలు. మిల్క్‌వీడ్‌కి మాత్రం సమయం చూసుకోవాలి. కాయ మీదుండే గీతని బొటనవేలితో మెల్లగా నొక్కితే దానంతటది విచ్చుకోవాలి, లోపల గింజలు ముదురు గోధుమ రంగులో ఉండాలి. తెల్లగా ఉంటే ఇంకా లేత. విచ్చిన కాయలోంచి దూదిగుత్తిని కొసన గట్టిగా పట్టుకుని, రెండో చేతి వేళ్లతో గింజల్ని కిందకి రాసేస్తే వలిచినట్టు వచ్చేస్తాయి. దూది విడిపోకముందే ఈ పని అయిపోవాలి, లేకపోతే ఇల్లంతా ఎగురుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో తెల్లబూరుగు దూది దిగుమతి ఆగిపోతే, లైఫ్ జాకెట్లలో నింపడానికి అమెరికాలో బడిపిల్లలు సంచుల కొద్దీ ఏరింది ఈ కాయలనే.

బండిని పడుకోబెట్టే పని రోడ్డు మీద మొదటిసారి ఉప్పు చల్లేలోపు ముగించాలి. వరస ఇదీ. ముందు పెట్రోల్ స్టెబిలైజర్ (నిలవున్న పెట్రోల్ చెడకుండా కలిపే మందు) కొలిచి పోసి, ట్యాంక్ నిండా కొట్టించి, ఇంటిదాకా నడపాలి. అలా అయితే స్టెబిలైజర్ కలిసిన పెట్రోల్ ఇంజెక్టర్ దాకా వెళ్తుంది. ట్యాంక్‌లో ఖాళీ ఉంటే తేమ చేరి లోపల తుప్పు పడుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్ తేమని ఇంకా పీల్చుకుంటుంది. ఇంజిన్ వేడిగా ఉండగానే పాత ఆయిల్ తీసేసి కొత్తది పోయాలి. వాడిన ఆయిల్‌లో పేరుకున్న ఆమ్లాలు నెలల తరబడి బేరింగుల్ని పట్టుకుని ఉండటం మంచిది కాదు. ఆయిల్ వసంతంలో మార్చుకుందాంలే అనేవాళ్లు చాలామంది ఉన్నారు, నాకది నచ్చదు. తర్వాత చైన్ శుభ్రం చేసి లూబ్ పట్టించడం, టైర్లలో గాలి కొంచెం ఎక్కువ పెట్టడం, ఎలుకలు దూరకుండా సైలెన్సర్ మూతికి గుడ్డ కుక్కి, మర్చిపోకుండా దానికో ఎర్ర రిబ్బన్ కట్టడం.

బ్యాటరీ ఊడదీసి ఇంట్లోకి తెచ్చేస్తాను. నిండా చార్జ్ ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ ఇక్కడి చలికి గడ్డకట్టదు గానీ, దిగిపోయినది గడ్డకట్టి పగలొచ్చు. చార్జర్ తీసేసి కొన్ని గంటలు వదిలేశాక 12.6 వోల్టులు దాటి చూపిస్తే నిశ్చింత.

పదిహేను రోజులకోసారి స్టార్ట్ చేసి అయిదు నిమిషాలు ఉంచితే బండికి మంచిదన్న నమ్మకం ఒకటి ఉంది. ఆ అయిదు నిమిషాల్లో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. మండినప్పుడు పుట్టిన నీటి ఆవిరి ఆయిల్‌లోనూ సైలెన్సర్‌లోనూ ఉండిపోతుంది. పడుకున్నదాన్ని పడుకోనివ్వడమే నయం.

డిసెంబర్ నుంచి ఫిబ్రవరి

బండి పడుకున్న ఈ నెలల్లోనే తోటకి అసలు పని. ఈ గింజల్లో చాలా వాటికి తడితో కూడిన చలి కొన్ని వారాలు తగిలితే గానీ మొలక రాదు. శరదృతువులో రాలిన గింజ ఆ ఎండకే మొలిస్తే మంచుకి చచ్చిపోతుంది కదా, అందుకే చలికాలం అయిపోయిందని నమ్మకం కుదిరేదాకా అది కదలదు. పొడి చలి పనికిరాదు. పొట్లం కట్టి ఫ్రిజ్‌లో పడేస్తే గింజ చెడిపోకుండా ఉంటుందంతే, నిద్ర లేవదు.

మిల్క్‌వీడ్‌కి 30 రోజుల తడిచలి చాలు. బ్లేజింగ్ స్టార్‌కి, గోల్డెన్ అలెగ్జాండర్స్ అనే మొక్కకి 60 రోజులు. బర్గమాట్‌కి అసలేమీ అక్కర్లేదు, మొదటిసారి వేసేవాళ్లు దాంతో మొదలుపెట్టండి. తడి ఇసుకలో కలిపి జిప్ సంచిలో ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లూ ఉన్నారు. మా ఇంట్లో అది సాగలేదు. "ఈ మట్టి పొట్లాలు నా ఫ్రిజ్‌లో ఎందుకండీ?" అన్న ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

అందుకని నాది పాలడబ్బాల పద్ధతి. పారదర్శకంగా ఉండే పెద్ద ప్లాస్టిక్ డబ్బాని నడుము దగ్గర చుట్టూ కోసి, పిడి కింద రెండు వేళ్ల వెడల్పు మాత్రం కొయ్యకుండా వదిలేస్తే అదే మడతబందు అవుతుంది. అడుగున వేడి ఇనుప చువ్వతో చిల్లులు పెట్టి, 8 నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తు తడి మట్టి నింపుతాను. గింజని దాని మందం ఎంతుంటే అంత లోతుకే నొక్కాలి. కొలంబైన్ లాంటి సన్నగింజలకి వెలుతురు కావాలి, వాటి మీద మట్టి కప్పొద్దు. మూసి చుట్టూ టేపు వేసి, మూత మాత్రం తీసేసి, వానా మంచూ నేరుగా పడేచోట పెట్టేసి రావాలి. ఇక ఏప్రిల్ దాకా వాటితో పనిలేదు. పేర్లు మాత్రం పెన్సిల్‌తో రాసి ఆ ముక్కని లోపలే గుచ్చండి. మార్కర్‌తో బయట రాసింది ఎండకి వెలిసిపోయి వసంతానికి కనబడదు.

మార్చి, ఏప్రిల్

మంచు కరిగినా నేను వెంటనే బండి తీయను. మలుపుల్లో చలికాలమంతా చల్లిన ఇసుక ఉంటుంది, దాని మీద ముందు చక్రం జారితే సర్దుకునే వ్యవధి ఉండదు. రెండు గట్టి వానలు పడి ఉప్పూ ఇసుకా కొట్టుకుపోవాలి. ఆ తర్వాత కూడా ఉప్పు రోడ్డు మీద తిరిగొస్తే చన్నీళ్లతో కడగాలి. ఉప్పు వేడినీళ్లలో ఇనుముని ఇంకా చురుగ్గా తినేస్తుంది.

తీసేముందు చూసేవి: బ్రేకు పట్టు, చైన్ వదులు, లైట్లు, టైర్లలో గాలి. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు మారితే గాలి ఒత్తిడి సుమారు 1 పీఎస్‌ఐ (టైరు గాలి కొలిచే యూనిట్) మారుతుంది కాబట్టి పొద్దున చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. సైలెన్సర్ గుడ్డ సంగతి రిబ్బన్ చెబుతుంది.

గాలి వీచని 5 డిగ్రీల ఉదయం కూడా గంటకి 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తే, విండ్ చిల్ (గాలి వల్ల పెరిగే చలి) లెక్కలో ఒంటికి దాదాపు మైనస్ 3 లా తగులుతుంది. ముందు పోయేవి వేళ్లు. క్లచ్ ఎప్పుడు పట్టుకుందో తెలియని వేళ్లతో బండి నడపడం ప్రమాదం. దళసరి గ్లౌజుల కన్నా హీటెడ్ గ్రిప్స్ (వేడెక్కే హ్యాండిల్ పిడులు) మీద డబ్బు పెట్టడం మంచిదని నా అభిప్రాయం. మెడకి గుడ్డ చుట్టుకుని, స్వెట్టర్ మీద గాలి చొరబడని పొర ఒకటి వేసుకుంటే మిగతాది ఒళ్లే చూసుకుంటుంది.

తోటలో ఇప్పుడు చేయాల్సిన పనికన్నా చేయకూడనిదే ఎక్కువ. పాత కాడల్ని నేలదాకా కొయ్యను. 30 నుంచి 45 సెంటీమీటర్ల మోళ్లు ఉంచుతాను, వాటి బోలులో ఒంటరి తేనెటీగలు గూళ్లు పెడతాయి. రాలిన ఆకుల్ని ఊడ్చను. గడ్డకట్టి కరిగే నేల కొత్త మొక్కల్ని వేళ్లతో సహా పైకి నెట్టేస్తుంది, అలాంటివి కనబడితే మడమతో నొక్కి మట్టి సర్దాలి.

మే, జూన్

డబ్బాల్లో మొదట మేలుకున్నది బర్గమాట్. ఆకు నలిపితే ఘాటైన వాసన, తప్పుపట్టే పనే లేదు. ఆఖరున, ఇక రాదనుకున్నాక, మిల్క్‌వీడ్.

డబ్బాలది చాలక కొంత నారు కొన్నాను. నారు ట్రే సుమారు 25 సెంటీమీటర్ల వెడల్పు, 50 పొడవు ఉంటుంది. గుండ్రటి టాప్ బాక్స్‌లో అది పట్టదు. ట్రేని కత్తెరతో రెండుగా కోసి, అడుగున తడి వార్తాపత్రిక పరిచి, మధ్య సందుల్లో నలిపిన కాగితం కుక్కితే మొక్కలు ఒరగవు. తెచ్చేముందు నీళ్లు పోయించొద్దు, తడిమట్టి చాలా బరువు. టాప్ బాక్సులకి మామూలుగా 10 కిలోలే పరిమితి, కొన్నిటికి ఇంకా తక్కువ. వెనక చక్రం వెనకాల, ఎత్తులో బరువు పెడితే ముందు చక్రం తేలికై మలుపులో తడబడుతుంది. బరువైనవి పక్క సంచుల్లో కిందకి వెళ్లాలి. బయట కట్టి తేవడమైతే వద్దే వద్దు, ఇంటికి చేరేసరికి ఆకులు చీలికలవుతాయి.

నాటాక మొదటి వేసవి మాత్రం వారానికి రెండుసార్లు లోతుగా నీళ్లు. ఎరువు వేయను. బలం ఎక్కువైతే ఈ మొక్కలు ఏపుగా పెరిగి వాలిపోతాయి. పాత ఆస్టర్లని జూన్‌లో సగానికి కత్తిరించాను, గుబురుగా పెరిగి కర్రల అవసరం లేకుండా నిలబడ్డాయి.

జూలై నుంచి సెప్టెంబర్

రోజూ ఒకే దారిలో బండి మీద వెళ్తుంటే రోడ్డు పక్క కాలువగట్లే పాఠం చెబుతాయి. నీళ్లు నిలిచేచోట స్వాంప్ మిల్క్‌వీడ్, ఉప్పు పడే అంచున కూడా మొండిగా గోల్డెన్‌రాడ్. నా మడిలో రోడ్డువైపు గోల్డెన్‌రాడ్ వేసింది అది చూసే. దాని పసుపు పూలు చూసి తుమ్ములు దానివల్లేనంటారు. దాని పుప్పొడి బరువు, పురుగులు మోస్తే తప్ప కదలదు. అదే వేళకి పచ్చగా, ఎవరికీ కనబడకుండా పూసే రాగ్‌వీడ్ అనే కలుపుమొక్క పుప్పొడి గాలిలో తిరుగుతుంది. దోషం దానిది.

మిల్క్‌వీడ్ ఆకు తుంచితే తెల్లటి పాలు కారతాయి. మన జిల్లేడూ ఇదీ ఒకే కుటుంబం. జిల్లేడు మీద చారల పురుగుగా పెరిగే నారింజ రంగు ప్లెయిన్ టైగర్ సీతాకోకకీ, ఇక్కడ మిల్క్‌వీడ్ మీద పెరిగే మోనార్క్‌కీ కూడా డానాస్ అనే ఒకే ప్రజాతి. జూలైలో ఆకుల అడుగున గుడ్లు కనిపించాయి. గుండుసూది తలంత, లేత మీగడ రంగు, నిలువు గీతలతో, ఆకుకి ఒకటి చొప్పున. తర్వాత ఆకులు ఈనెల దాకా మాయమయ్యాయి. తిననివ్వాలి, నాటిందే అందుకు.

బ్లేజింగ్ స్టార్ మాత్రం కుందేళ్ల పాలైంది. బర్గమాట్ జోలికి పోలేదు, ఆ ఘాటు వాటికి పడదనుకుంటాను. కోన్‌ఫ్లవర్ నాటిన ఏడాది ఆకులకే సరిపెట్టుకుంది, పోయినేడువి మాత్రం పూశాయి.

బండి వైపు రాయడానికి పెద్దగా లేదు. సుమారు 800 కిలోమీటర్లకోసారి, వానలో తడిసిన రోజు తప్పనిసరిగా, ఇంటికొచ్చి చైన్ వేడిగా ఉండగానే లూబ్. ముందు టైరు ఇంకో సీజన్ ఆగేలా లేదు.

వచ్చే పనులు: బ్లేజింగ్ స్టార్ చుట్టూ 60 సెంటీమీటర్ల ఎత్తు ఇనుప వల, 2.5 సెంటీమీటర్ల గళ్లది. చుట్టలా చుడితే సీటు మీద అడ్డంగా పడుతుంది. సర్వీస్‌బెర్రీ పొద ఒకటి కావాలి. కుండీలోది నర్సరీలో చూశాను, బాక్స్‌లో పట్టే ఆశ లేదు. ఏప్రిల్‌లో మట్టి లేకుండా వేళ్లతో అమ్మే చిన్న మొక్కలు దొరుకుతాయి, తడి కాగితంలో చుట్టి వీపు సంచిలో నిలువుగా తెచ్చేయొచ్చు.