ఛాయ్ ఏ నీళ్లతోని పెడ్తున్రక్కా?

నల్గొండ గడియారం సెంటర్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఒక ఇంటి మొదటి అంతస్తు అద్దెకు తీసుకుని, 2022లో నేను కోవర్కింగ్ స్పేస్ మొదలుపెట్టాను. హైదరాబాద్ ఉద్యోగాలు ఇక్కడి నుంచే చేసేవాళ్లు, ట్యాక్స్ రిటర్నులు వేసే కుర్రాళ్లు, గ్రూప్స్‌కు చదివేవాళ్లు, అందరికీ కలిపి ముప్పై కుర్చీలు. కరెంటు, నెట్ పోకుండా చూసుకుంటే చాలనుకునేదాన్ని. కాస్త నిలదొక్కుకున్నాక, ఈ చోటు ఊరికీ నేలకీ కూడా పనికిరావాలని చేయాల్సినవి ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. అన్నిటికన్నా పైన రాసింది సోలార్. దానికి డబ్బు కూడా పక్కన పెట్టాను.

2024 వేసవిలో మర్రిగూడ వైపు పల్లె నుంచి ఒక అమ్మాయి వచ్చింది. కంప్యూటర్ మీద చేసే డేటా పని దొరికింది, ఊళ్లో నెట్ నిలవడం లేదు. చిన్నప్పుడు తాగిన బోరునీళ్ల ఫ్లోరైడ్‌కు ఆమె మోకాళ్లు లోపలికి వంగిపోయాయి. మా పంతొమ్మిది మెట్లూ గోడ పట్టుకుని ఎక్కింది. కూర్చోబెట్టి ఛాయ్ ఇచ్చాను. గ్లాసు చేతిలో పట్టుకుని, తాగకుండా అడిగింది: "అక్కా, ఛాయ్ ఏ నీళ్లతోని పెడ్తున్రు?"

తాగడానికి క్యాన్ నీళ్లు తెప్పిస్తున్నాం. ఛాయ్‌కి మాత్రం వంటగది నల్లా నీళ్లే. ఆ నల్లా పైన ట్యాంకుది, ట్యాంకు నింపేది బోరు. "మరుగుతాయి కదా" అన్నాను.

"మరిగితే పోదక్కా. నీళ్లు ఆవిరైతయి, ఫ్లోరైడ్ గిన్నెలనే ఉంటది."

నేను ఈ జిల్లాలో పుట్టినదాన్ని. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి మా ఊరి పేరే పెట్టారని, నల్గొండ టెక్నిక్ అంటారని బడిలో చదువుకున్నాను. అయినా రెండేళ్లుగా ముప్పైమందికి రోజూ రెండుసార్లు ఆ నీళ్లతోనే ఛాయ్ పోయించాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడే రెండు సీసాల్లో నీళ్లు పట్టి ల్యాబ్‌కు ఇచ్చాను. ఒకటి బోరుది, ఒకటి మున్సిపల్ నల్లాది. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. బోరు దాటింది. కృష్ణా నీళ్లు వచ్చే మున్సిపల్ నల్లా చాలా కిందే ఉంది. ఆ నల్లా నీళ్ల కోసం చిన్న ట్యాంకు ఒకటి విడిగా పెట్టించి, వంటగదికి వేరే పైపు వేయించాను. ఆర్వో మిషన్ పెట్టమన్నవాళ్లున్నారు. ఫ్లోరైడ్ ఎక్కువ లేని నీళ్లకు అది అనవసరం, పైగా చాలా నీళ్లు బయటికి పారబోస్తుంది. మామూలు ఫిల్టరు పెట్టుకున్నాం. బోరునీళ్లు ఇప్పుడు కడగడానికీ బాత్రూములకే. ల్యాబ్ కాగితం వంటగది తలుపుకు అంటించి, ఒక కాపీ ఇంటి ఓనరు గారికి ఇచ్చాను. వాళ్లింట్లో వంట కూడా ఆ బోరు మీదే సాగుతోంది. నెలలోపే వాళ్లూ పైపు మార్పించుకున్నారు. నా నోటుబుక్కులో ఉన్న ఏ పనికన్నా ఇదే పెద్ద పని అని నా నమ్మకం.

మెట్లు, బాత్రూం సంగతి మాకు ఊడ్చే అమ్మ చెప్పింది. "ఆ పిల్ల పొద్దటిసంది నీళ్లు తాగుతలేదు మేడం. బాత్రూం కాడ కూసోలేక." మా బాత్రూంలో ఉన్నది నేల మీద కూర్చునే రకం. ఆ అమ్మాయి మధ్యాహ్నం కిందికి దిగకుండా, సాయంత్రం దాకా గొంతు తడుపుకోకుండా పని చేసుకుంటోంది. నెలనెలా ఫీజు తీసుకుంటున్నది నేను, గమనించింది ఊడ్చే అమ్మ.

కింద ఒక షట్టర్ గది ఖాళీగా ఉంది. సోలార్ డబ్బు దాని అడ్వాన్సుకు పెట్టాను. గది గచ్చు రోడ్డుకన్నా అడుగున్నర ఎత్తు. "ఆరడుగుల ర్యాంపు చాలు మేడం, బండి ఎక్కుతది" అన్నాడు మేస్త్రీ. ఆయన చెప్పింది స్కూటీ లెక్క. వీల్‌చైర్ ఎవరి సాయం లేకుండా ఎక్కాలంటే ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు కావాలి. అంటే పద్దెనిమిది అడుగులు. ముందు అంత చోటు లేదు, మోరీ మీదికి పోవడం నాకిష్టం లేదు. చివరికి పక్క సందులో గోడ వెంట కొంత దూరం తీసుకెళ్లి, మలుపు దగ్గర చదును చేసి, అక్కడి నుంచి తిప్పాం. పట్టుకోవడానికి పైపు రెయిలింగ్. లోపల కుర్చీ రకం కమోడ్, పక్కన గోడకు పట్టుకునే కడ్డీ, మూడడుగుల తలుపు.

బైకులు పెట్టుకునేది ఆ సందులోనే. నలుగురైదుగురికి కోపం వచ్చింది. "ఒక్కరి కోసం ఇంతమందికి ఇబ్బందా" అని ఒకతను గట్టిగానే అడిగాడు. నేను వాదించలేదు, లెక్క చెప్పాను. మెట్లు చూసి వెనక్కి పోయినవాళ్లెందరో మనకు తెలియదు, ఎందుకంటే వాళ్లు మన రిజిస్టర్‌లో ఉండరు. ర్యాంపు అయిన మూడో వారంలో వీల్‌చైర్‌లో తిరిగే ఒక అకౌంటెంట్ వచ్చి కింద సీటు అడిగాడు. బైకులు ఇప్పుడు ఎదురు వీధిలో పెడుతున్నారు.

సోలార్ వాయిదా పడ్డందుకు నాకు బాధ లేదు. పైకప్పు సోలార్‌కు కేంద్రం 2024లో తెచ్చిన సూర్యఘర్ సబ్సిడీ ఇళ్లకే, మాది కమర్షియల్ మీటర్. బదులుగా మా పైకప్పుకు ఎండను తిప్పికొట్టే తెల్ల పూత వేయించాం. 2023లో మన రాష్ట్రం కూల్ రూఫ్ పాలసీ తెచ్చినప్పుడే చేయాల్సింది. ఏసీలు 24 మీదే ఉంచుతున్నాం. ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు ఆరు శాతం కరెంటు మిగులుతుంది.

ఇన్వర్టర్ పాత బ్యాటరీల దగ్గర మాత్రం కాస్త తడబడ్డాను. పాత సామాన్లు కొనేవాళ్లు షాపుకన్నా ఎక్కువ ఇస్తామన్నారు. తీసుకెళ్లి ఏం చేస్తారని అడిగితే, పగలగొట్టి సీసం తీసి యాసిడ్ మోరీలో పోస్తారని తెలిసింది. డబ్బు తగ్గినా, కొత్తవి కొన్న షాపుకే పాతవి ఇచ్చాను. వాళ్లయితే కంపెనీకి పంపిస్తారు.

నెలకోసారి అందరం కూర్చుంటాం. కరెంటు బిల్లు, నీళ్ల ట్యాంకర్లు, చెత్త ఎంత పోయిందీ గోడకున్న బోర్డు మీద రాస్తాం. ఊడ్చే అమ్మ జీతం కూడా ఆ సమావేశంలోనే పెంచాం, వారానికి ఒక సెలవు కలిపాం. ఇప్పుడు అక్కడ మొదట మాట్లాడేది ఆమే. తడి చెత్త డబ్బాలో ఎవరు పేపర్ కప్పు వేశారో ఆమెకు తెలుసు.

ఆ అమ్మాయి కింద గదిలో కిటికీ పక్కన కూర్చుంటుంది. పైన హాల్లో పెట్టే శనివారం క్లాసులకు మాత్రం ఇంకా రాలేకపోతోంది. వచ్చే నెల నుంచి వాటిని కిందికి మారుస్తున్నాం. గదిలో ఎనిమిది కుర్చీలే పడతాయి, అందుకని రెండు బ్యాచులు. మొదటి బ్యాచు పొద్దున పదింటికి, మర్రిగూడ బస్సు వచ్చాక.