పెద్ద ఎమ్ము, చిన్న ఎమ్ము, రెండు రోజులు

నిన్న రాత్రి పదకొండున్నరకి బిల్డు (రాసిన కోడుని నడిచే సైటుగా కట్టే పని) పాసయింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

పని చిన్నదే. మా గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టున్న ఒకాయనకి వెబ్‌సైటు. తేజ, బాడిగ, 341 నంబరు మిర్చి రకాలు ఆరోజు క్వింటాలు ఎంత పలికాయో చూపిస్తే చాలు. ముందు చేసిన కుర్రాడికి బెంగుళూరులో ఉద్యోగం వచ్చి సగంలో వదిలేసి పోయాడు. వెబ్ పేజీలు కట్టే రియాక్ట్ లైబ్రరీతో రాసిన ఆ ప్రాజెక్టు నా నెత్తిన పడింది.

కోడు దించుకోవడం, ప్యాకేజీలు ఎక్కించడం మామూలే. రన్ కొట్టగానే ‘డిజిటల్ ఎన్వలప్ రొటీన్స్ అన్‌సపోర్టెడ్’ అంటూ తెరంతా ఎర్రబడింది. దీన్ని పది నిమిషాల్లో పట్టేశాను, చెప్పుకోవద్దా మరి! అందులో ఉన్నది వెబ్‌ప్యాక్ 4, అంటే కోడు ఫైళ్లన్నీ కలిపి మూటకట్టే పనిముట్టు. అది ఎండీ4 అనే పాతకాలం హ్యాష్ (ఫైలుకి వేలిముద్ర లాంటి గుర్తు తీసే లెక్క) వాడుతుంది. వీటన్నిటినీ నడిపే నోడ్‌లో, 2021 అక్టోబరులో వచ్చిన 17వ వెర్షను నుంచి, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 అనే భద్రతా లైబ్రరీ ఉంది, అది ఎండీ4ని గడప తొక్కనివ్వదు. నెట్లో ఎవర్నడిగినా పాత హ్యాష్‌లని మళ్లీ రానిచ్చే లెగసీ ప్రొవైడర్ ఆప్షను తగిలించమంటారు. తగిలిస్తే నడుస్తుంది, రోగం మాత్రం అక్కడే ఉంటుంది. నేను వెబ్‌ప్యాక్‌ని వెంటేసుకొచ్చే రియాక్ట్ స్క్రిప్ట్స్ ప్యాకేజీని 5కి పెంచాను, దాంతో వెబ్‌ప్యాక్ 5 వచ్చింది. సైటు రంగులూ హంగులూ చూసే పాత ప్యాకేజీ నోడ్ సాస్ పీకేసి, దాని బదులు సాస్ పెట్టాను. లాప్‌టాప్‌లో సైటు తేటగా తెరుచుకుంది. మొన్న మధ్యాహ్నం దాకా నేను హీరోనే.

కోడుని గిట్‌హబ్‌లో (కోడు దాచుకునే సైటు) పెట్టి, అక్కణ్నుంచి సర్వర్‌కి పంపాక మొదలైంది. ‘మాడ్యూల్ నాట్ ఫౌండ్, కాంట్ రిజాల్వ్ మిర్చికార్డ్’. అంటే మిర్చికార్డ్ అనే ఫైలు దొరకలేదని. ఫైలు చూస్తే ఉంది. దాన్ని పిలిచే ఇంపోర్ట్ లైను చూస్తే ఉంది. రెండిట్లోనూ ఇంగ్లీషు ఎమ్ము పెద్దదే, సీ పెద్దదే. నా దగ్గర నడుస్తోంది, అక్కడ లేదంటోంది! ప్యాకేజీలుండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డరు తీసేసి మళ్లీ ఎక్కించాను, ఒకసారి కాదు, ఆరుసార్లు. ఏ ప్యాకేజీ ఏ వెర్షనో రాసి ఉంచే లాక్ ఫైలు కూడా తీసేశాను. అది మాత్రం ఎవరూ చేయకండి, వెర్షన్లన్నీ మారిపోయి లేని తలనొప్పులు వస్తాయి. చివరికి హోస్టింగ్ వాళ్ల సపోర్టు చాట్‌లో మీ సర్వరే పాడైందని గొడవపడ్డాను. ‘సార్, ఒకసారి లాగ్ చదవండి’ అన్నాడు అవతలివాడు. అంత మర్యాదగా అంటేనే ఎక్కువ మండుతుంది.

నిన్న సాయంత్రం కొట్టాయన స్వయంగా బ్రాడీపేటలో మా ఇంటికే వచ్చి కూర్చున్నాడు. కాఫీ ఇచ్చి, సర్వర్లో సమస్య అని ఏదో సర్దిచెబుతున్నాను. సెలవులకొచ్చిన మా అక్క కూతురు, బీటెక్ రెండో ఏడు, వెనక నిలబడి చూస్తోంది.

‘‘మావయ్యా, గిట్‌హబ్‌లో దీని పేరు వేరేగా ఉందేంటి?’’

‘‘వేరేగా ఏముందే, నువ్వుండు.’’

‘‘కాదు మావయ్యా, ఇక్కడ ఎమ్ము చిన్నది. నీ ఫోల్డర్లో పెద్దది.’’

చూశాను. చిన్నదే.

జరిగిందేంటంటే, పాత కుర్రాడు పేరంతా చిన్న అక్షరాల్లో పెట్టాడు. నేను అందంగా ఉంటుందని పెద్ద అక్షరాలకి మార్చాను. విండోస్‌కి రెండూ ఒకటే. అక్కడ కోడులో మార్పులు రాసుకుంటూ పోయే గిట్ కూడా ఇగ్నోర్‌కేస్ (పెద్దా చిన్నా పట్టించుకోకు) అని పెట్టుకుని కూర్చుంటుంది కాబట్టి నేను పేరు మార్చిన సంగతే దానికి తెలియలేదు. సర్వర్‌లో ఉన్నది విండోస్ కాదు, లినక్స్. దానికి పెద్ద ఎమ్ము వేరు, చిన్న ఎమ్ము వేరు. నేను పెద్దదాన్ని పిలుస్తుంటే అక్కడున్నది చిన్నది.

‘‘ఒక్క అక్షరానికా బాబూ రెండు రోజులు?’’ అన్నాడాయన. ‘‘మా చీటీ మీద తేజ అని పెద్దగా రాసినా చిన్నగా రాసినా టిక్కీ (మిర్చి బస్తా) ఒకటేనయ్యా.’’ మా అక్క కూతురు కిసుక్కుమంది. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నిజమేగా! మన తెలుగులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం అనే పంచాయితీయే లేదు. ఇక్కడ ఆ రెండు పేర్లూ రాసి చూపిద్దామన్నా తేడా కనపడదు. ఇరవై వేలు తీసుకున్న నా కోచింగ్ సెంటరు మూడు నెలలూ విండోస్‌లోనే నడిపించింది, లినక్స్ అన్న మాటే ఎత్తలేదు. ఆ డబ్బుకి నాకు వచ్చింది సర్టిఫికెట్టు, దాని మీద నా పేరు మాత్రం అన్నీ పెద్ద అక్షరాలే.

మీకూ ఇది తగిలితే ఫోల్డర్లో పేరు మార్చకండి. గిట్ ఎంవీ అనే పేరుమార్చే కమాండుతో ముందు ఏదో తాత్కాలికం పేరుకి మార్చి, అక్కణ్నుంచి అసలు పేరుకి మార్చి కమిట్ కొట్టండి, అంటే ఆ మార్పుని గిట్‌లో నమోదు చేయండి. నాకు అంతే పట్టింది, రెండు నిమిషాలు. మిగతా సమయమంతా ఆయన వెళ్లాక లాక్ ఫైలు తీసేసి చేసుకున్న కంగాళీని సర్దుకోడానికి.

పొద్దున గిట్ దగ్గరున్న ఫైళ్ల పేర్లు చూపించే గిట్ ఎల్‌ఎస్ ఫైల్స్ కమాండు కొట్టి చూస్తే ఇలాంటివి ఇంకో మూడున్నాయి. ఏ పేజీలోనూ వాటిని ఇంకా వాడలేదు కాబట్టి బిల్డు నోరెత్తలేదు. కాఫీ తాగి వాటి పని పట్టాలి, మా మేనకోడలు లేవకముందే.